కోతిపిల్ల, తీతువు పిల్ల

యతిరాజానికి ఒక పేరు గుర్తు రావడం లేదు.

ఒక్కటే పేరు. సంతలో కనిపించిన మనిషి పేరయితే "అదేనండీ, ఆ పొడుగాయన" అని ఎలాగో నెట్టుకురావచ్చు. ఇది అలా నెట్టుకొచ్చే పేరు కాదు.

కృష్ణ సముద్రంలో కలవబోయే ముందు చీలిన పాయల మధ్య రెల్లులంక అని ఒక లంక, అందులో చిన్న వైష్ణవ మఠం ఉండేవి. ఆ మఠంలో రోజూ పొద్దున్నే గురువుల వరుస పలకాలి. మఠం పెట్టిన మొదటి స్వామి దగ్గర మొదలుపెట్టి, ఇప్పుడు పీఠం మీదున్న పెద్దయ్యవారి గురువు దాకా ఒక్కొక్కరి పేరూ చెప్పాలి. పేరు వినపడగానే పెద్దయ్యవారు ఉద్ధరిణెతో నీళ్లు తీసి పళ్లెంలో వదులుతారు. పేరు పలికితేనే ఆ నీళ్లు ఆ గురువుకి అందుతాయని మఠంలో నమ్మకం. పలకకపోతే ఆయన ఆ పూటకి దాహంతో ఉండిపోయినట్టే.

పలికేవాడు యతిరాజం, నీళ్లు వదిలేవారు పెద్దయ్యవారు. ఎవరి పని వాళ్లది. వరుసని ఎక్కడా రాసి పెట్టకూడదని మఠం కట్టుబాటు. రాసి పెట్టుకుంటే మనుషులు ధైర్యంగా మరిచిపోతారని మొదటి స్వామి అన్నారట. కాబట్టి ఒకరి నోటి నుంచి ఇంకొకరి చెవికి రావలసిందే. యతిరాజానికి వరుస చెప్పిన ముసలి శఠగోపంగారు చెప్పిన కొన్నాళ్లకే పరమపదించారు. ఇక ఆ పేర్లన్నీ లోకంలో యతిరాజం నోట్లో తప్ప ఇంకెక్కడా లేవు. మిగిలినవాళ్లు రోజూ వింటారన్న మాటేగాని, ఆ లోగొంతు, ఆ వేగం, మధ్యమధ్య గంట, ఎవరికీ ఒక్క పేరు విడిగా చెవిన పడదు.

ఆ సంవత్సరం ఉగాదికి ముందు యతిరాజానికి విషజ్వరం వచ్చింది. మంచం పట్టి, ఒళ్లు తెలియకుండా పడున్నాడు. ఒక సాయంత్రం తీతువు పిట్ట మఠం కప్పు మీదుగా అరుచుకుంటూ పోయింది. తీతువు కూసిన ఇంట్లో చావు తప్పదని లంకల్లో అందరికీ భయం. వంటశాల ఆండాళమ్మ గుప్పెడు ఉప్పు పొయ్యిలో వేసి, కప్పు వైపు చూసి తిట్టవలసినవన్నీ తిట్టింది. యతిరాజం మాత్రం బతికాడు. లేచి కూర్చున్నాడు, జావ తాగాడు, నడిచాడు. మొదటిసారి వరుస పలకడానికి కూర్చున్నప్పుడు తెలిసింది, మధ్యవేలు రెండో గణుపు దగ్గర నోరు ఖాళీగా ఉందని.

వరుస పలికేవాడు వేళ్ల గణుపుల మీద బొటనవేలు జరుపుకుంటూ పలుకుతాడు. ఆ గణుపు మీదికి వేలు వచ్చేసరికి లోపల ఏమీ లేదు. ముందు పేరు ఉంది, తరవాతి పేరు ఉంది, మధ్యలో ఉండవలసిన పెద్దమనిషి లేడు. మొదటి రోజు యతిరాజం దగ్గాడు. రెండో రోజు కూడా దగ్గితే బావుండదని అక్కడ గంట వాయించాడు. ఆ తరవాత అదే అలవాటయింది. ఆ గణుపు రాగానే గంట గట్టిగా మోగేది. పెద్దయ్యవారు చేతిలో ఉద్ధరిణెతో ఒక్క క్షణం ఆగి, తరవాతి పేరుకి నీళ్లు వదిలేవారు.

అంటే రోజూ ఒక గురువు దాహంతో వెళ్లిపోతున్నాడు. అది యతిరాజానికి ఒక్కడికే తెలుసు.

పెద్దయ్యవారిని అడిగితే పోయేది కదా అంటారు. అడగొచ్చు. కానీ యతిరాజం నోటి దురుసు అతనికి అడ్డొచ్చింది. అది అర్థం కావాలంటే మఠం సంగతి కొంచెం చెప్పాలి.

భక్తుడు భగవంతుణ్ణి ఎలా చేరాలన్నదానికి పెద్దలు రెండు దారులు చెప్పారు. కోతిపిల్ల తల్లి పొట్టని తనే కరుచుకుని ఉంటుంది. తల్లి ఏ కొమ్మ మీదికి దూకినా పట్టు వదలదు. పిల్లిపిల్ల అలా కాదు, కళ్లు మూసుకుని కూర్చుంటుంది, తల్లే నోట కరుచుకుని తీసుకుపోతుంది. ఇందులో ఏది సరైన దారి అని తరతరాలుగా వాదం. రెల్లులంక వాళ్లది కోతి పక్షం. పాయకి అవతలి మఠం వాళ్లది పిల్లి పక్షం. ఏటా ఇద్దరూ ఒకచోట చేరి గొంతులు బొంగురుపోయేలా వాదించుకుని, తరవాత ఒకే బంతిలో కూర్చుని పులిహోర తింటారు. పిల్లి పక్షం వాళ్ల కొట్లో ఎలకల బాధ లేదు. కోతి పక్షం వాళ్ల పెరట్లో ఒక్క జామకాయ మిగలదు. అంతకు మించి తేడా కనిపెట్టినవాళ్లు తక్కువ.

యతిరాజం మాత్రం కనిపెట్టినవాళ్లలోకే వస్తాడు. వాదంలో అతన్ని మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. "పట్టు మనది. అది జారితే తప్పు తల్లిది కాదు" అని అతను అంటే అవతలివాళ్లు నీళ్లు నమిలేవారు. ఆ మాట అక్కడితో వదిలిపెట్టినా బాగుండేది. మఠంలో ఎవరికి ఏం తప్పొచ్చినా అదే మాట. జపంలో కునికిన వాడికి అదే, ఏకాదశినాడు మరిచిపోయి అటుకులు నోట్లో వేసుకున్న వాడికి అదే. ఆండాళమ్మకి డెబ్భై దాటాయి. ఒకనాడు పారాయణంలో నిద్రపోతే, అందరి ముందూ ఆవిడని లేపి మరీ చెప్పాడు, పట్టు వదిలిన పిల్ల ఎక్కడ పడుతుందో తెలుసా అని. ఆ పూట అతని విస్తట్లో ఉప్పు కాస్త ఎక్కువ పడింది, అంతే.

అంత మాట అన్నవాడు ఇప్పుడు వెళ్లి, నా పట్టు జారింది అని ఎలా చెబుతాడు?

మధ్యాహ్నం నైవేద్యం అయ్యాక కోతులకి ముద్దలు పెట్టడం కూడా యతిరాజం పనే. పట్టు నేర్పిన జీవాలని మఠంలో వాటికి గౌరవం. నెత్తిన పాపిడి తీసి దువ్వినట్టు జుట్టుండే మన వైపు కోతులే అవి. జ్వరం నుంచి లేచాక ఒకరోజు అతను ముద్దల పళ్లెం పట్టుకుని పెరట్లోకి వచ్చాడు. గోడ మీద ఒక తల్లి కోతి ఉంది. దాని పొట్టకి వారం దాటని పిల్ల, మొహం ఇంకా ముడతలు విప్పుకోలేదు. తల్లి గోడ మీంచి మునగచెట్టు మీదికి దూకింది. కొమ్మ ఊగిపోయింది. పిల్ల మాత్రం రెండు పిడికిళ్లతో తల్లి బొచ్చు పట్టుకుని అలాగే ఉంది. దూకినట్టు దానికి తెలిసిందో లేదో కూడా చెప్పలేం.

యతిరాజం చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. అంత పిల్లకి ఉన్నపాటి పట్టు తనకి లేకపోయిందని అతనికి దుఃఖం వచ్చింది. పేరు ఒక్కటే పోతే అంత బాధ లేదు. ఆ జ్వరంలో తను దేవుణ్ణి కూడా వదిలేశాడని, వదిలేసినవాణ్ణి దేవుడు మళ్లీ ఎందుకు చూస్తాడని అతని భయం. కోతితల్లి కింద పడ్డ పిల్ల కోసం వెనక్కి రాదని ఇన్నేళ్లూ వాదించింది తనే కదా.

వైశాఖంలో మొదటి స్వామి పుట్టిన నక్షత్రం రోజున పెద్ద ఉత్సవం. ఆ రోజు చుట్టుపక్కల లంకల వాళ్లంతా వస్తారు, పందిట్లో కూర్చుంటారు. ఆ ఒక్క రోజు వరుస నెమ్మదిగా, గట్టిగా, గంట లేకుండా పలకాలి. ఏడాదికోసారి విన్న పేర్లు ఎవరికీ గుర్తుండవుగాని, పేరు లేని చోటు మాత్రం అందరికీ తెలిసిపోతుంది. ఉత్సవం దగ్గర పడేకొద్దీ యతిరాజానికి అన్నం సయించలేదు. చివరికి ఉత్సవానికి ముందు రోజే మఠం వదిలి వెళ్లిపోదామని నిశ్చయించుకున్నాడు. ఎక్కడికని అడిగితే చెప్పలేడు. రెండు పంచెలు, నామం పెట్టుకునే తిరుమణి పెట్టె, ఒక చెంబు మూట కట్టుకున్నాడు.

ఆ పొద్దున్నే పెద్దయ్యవారు పిలిచారు.

పెద్దయ్యవారి అసలు పేరు శింగరాచార్యులు. పొట్టిగా, పల్చగా ఉంటారు. వాదాల్లో కూర్చుంటారుగాని నోరు విప్పరు. అవతలి మఠం వాళ్లు మంచి మాట చెబితే ఆయన కూడా తల ఊపేస్తారని రెల్లులంక వాళ్లకి చిన్నతనంగా ఉండేది.

"పందిట్లో పొయ్యడానికి ఇసుక కావాలి" అన్నారాయన. "మేట మీదికి వెళ్లి తెద్దాం. నువ్వూ రా."

ఇసుకకి పెద్దయ్యవారు ఎప్పుడూ వెళ్లరు. యతిరాజం ఆ సంగతి ఆలోచించే స్థితిలో లేడు. ఇదీ ఒకందుకు మంచిదే అనుకున్నాడు, ఇసుక తెచ్చి దింపాక పడవ నాంచారయ్యని బతిమాలుకుని అటునుంచటే అవతలి గట్టున దిగిపోవచ్చు. మూట తీసుకెళ్లి పడవలో గంపల కింద దాచాడు. పెద్దయ్యవారు వచ్చి, గంపలు పక్కకి జరిపి, ఆ మూటని సరిచేసుకుని దాని మీద కూర్చున్నారు. మెత్తగా ఉందని కూడా అన్నారు.

పడవ పాయలోకి వచ్చింది. నాంచారయ్య గడ వేస్తున్నాడు. పెద్దయ్యవారు నీళ్ల వైపు చూస్తూ, ఏదో వాన సంగతి చెప్పినట్టు చెప్పారు.

"ఈ మధ్య నీ గంట ఎక్కువ మాట్లాడుతోంది, యతిరాజం."

యతిరాజం తల దించుకున్నాడు. చెబుదామని నోటిదాకా వచ్చింది. నాంచారయ్య ఉన్నాడని ఒక సాకు దొరికింది, మానేశాడు.

ఎండాకాలం గనక పాయ మధ్యలో ఇసుక మేట పెద్దగా తేలి ఉంది. నాంచారయ్య పడవ ఒడ్డుకి లాగి, తాను దాని దగ్గరే ఉండిపోయాడు. గురుశిష్యులిద్దరూ గంపలు, పార తీసుకుని మేట నడుమకి నడిచారు. అక్కడ ఇసుక పొడిగా, సన్నగా, పందిట్లో పోయడానికి బాగుంటుంది.

నాలుగడుగులు వేశారో లేదో పైన అరుపు లేచింది. తీతువు. పొడుగాటి పసుపు కాళ్లు, నల్లటి మెడ, కళ్ల ముందు ఎర్రటి తోలు. ఒకటి కాదు, రెండు. ఒకటి దూరంగా నీళ్ల అంచున వాలి, వాళ్లని ఏమార్చడానికి గుడ్లు పొదుగుతున్నట్టు ఒళ్లు ముడుచుకుని కూర్చుంది. ఇంకొకటి వాళ్ల తలల మీదే తిరుగుతూ గొంతు చించుకుంటోంది.

యతిరాజం అక్కడే ఆగిపోయాడు. "స్వామీ, వెనక్కి పోదాం" అన్నాడు. జ్వరంలో తన మీదుగా అరిచిన పిట్ట అదేనని, అప్పుడు వదిలి ఇప్పుడు మళ్లీ వచ్చిందని చెప్పాడు. చెప్పడం మొదలుపెట్టాక ఇంక ఆగలేదు. ఆ గణుపు సంగతి, దగ్గు సంగతి, గంట సంగతి, మూట సంగతి, అన్నీ ఆ ఎండలో నిలబడి, పైన పిట్ట అరుస్తుండగా చెప్పేశాడు. చివరికి ఆ పేరు మీరే చెప్పాలని చేతులు జోడించాడు.

పెద్దయ్యవారు అంతా విన్నారు.

"నాకూ రాదు నాయనా" అన్నారు. "నేను నీళ్లు వదిలేవాణ్ణి. మా గురువుగారిదీ వాళ్ల గురువుగారిదీ తెలుసు. ఆ పైవాళ్లంతా నాకు శఠగోపంగారి గొంతు, ఆ తరవాత నీ గొంతు."

యతిరాజానికి ఉన్న ఒక్క ఆశా పోయింది. ఆ పేరు ఇంక ఎక్కడా లేదు. తన చేతుల్లోంచి జారిపోయింది. చేతిలో గంప బరువు లేకపోయినా మోయలేననిపించి కింద పెట్టబోయాడు.

"ఆగు" అంటూ పెద్దయ్యవారు అతని మణికట్టు పట్టుకున్నారు. "కింద చూసి పెట్టు."

యతిరాజం చూశాడు. ఇసుక తప్ప ఏం కనిపించలేదు. పెద్దయ్యవారు వేలితో చూపించారు. ఎప్పుడో గేదెలు దాటినప్పుడు పడిన గిట్ట గుంట ఒకటుంది. ఆ గుంటలో ఇసుక కొంచెం కదిలినట్టయింది, మళ్లీ ఆగింది. అప్పుడు ఒక కన్ను కనిపించింది. ఆ కన్ను చుట్టూ మెల్లగా ఒక పిల్ల కనిపించింది. కోడిపిల్లలో సగం ఉంటుంది. ఒంటి నిండా ఇసుక రంగు, దాని మీద నల్ల చుక్కలు. మెడ చాపి నేలకి అంటించి, చచ్చినట్టు పడుంది. గంప ఇంకో జానెడు దిగితే నిజంగానే చచ్చేది.

ఇద్దరూ అక్కడే గొంతుక్కూర్చున్నారు.

"కోతిపిల్ల సంగతి నీకు బాగా తెలుసు" అన్నారు పెద్దయ్యవారు. "దీని సంగతి చెప్పు. ఇది ఎవర్ని పట్టుకుని ఉంది?"

"ఎవర్నీ పట్టుకోలేదు స్వామీ."

"దీన్ని ఎవరు పట్టుకున్నారు?"

యతిరాజం చుట్టూ చూశాడు. పిల్లిలా నోట కరుచుకుని పోవడానికి ఆ తల్లికి అంత నోరూ లేదు. "ఎవరూ పట్టుకోలేదు" అన్నాడు.

"అయితే ఇది తల్లి వదిలేసిన పిల్ల."

అంతలో పైనున్న పిట్ట రెక్కలు ముడిచి మీదికి దూకింది. యతిరాజం పిలక గాలికి లేచింది. అతను తల వంచుకున్నాడు. పిట్ట మళ్లీ పైకి లేచి, మళ్లీ దిగింది. ఇద్దరు మగవాళ్లు, చేతిలో పార, అయినా దానికి లెక్క లేదు. అరిచిన ప్రతిసారీ పిల్ల ఇంకాస్త ఇసుకకి అంటుకుపోతోంది.

యతిరాజం పిల్లని చూశాడు, తల్లిని చూశాడు. ఇన్నాళ్లూ ఊరంతా భయపడుతున్న అరుపు అది. పిల్లకి కదలకుండా పడుకోమని చెప్పడం తప్ప అందులో ఇంకేమీ లేదు.

"కాదు స్వామీ" అన్నాడు. "వదిలెయ్యలేదు."

పెద్దయ్యవారు కొంచెం ఇసుక చేతిలోకి తీసుకుని, వేళ్ల మధ్యనుంచి జారవిడిచారు.

"జ్వరం ముదిరినప్పుడు నువ్వు దేన్ని పట్టుకుని ఉన్నావు?"

"నాకు ఒళ్లు తెలియలేదు" అన్నాడు యతిరాజం. "దేవుడి పేరు కూడా గుర్తు లేదు."

పెద్దయ్యవారు గుంటలో ఉన్న పిల్ల వైపు చూశారు.

యతిరాజం అలాగే కూర్చున్నాడు. ఏ పట్టూ లేకుండా అన్ని రోజులు పడుకుని, లేచి, జావ తాగి, ఇవాళ ఇక్కడికి నడిచి వచ్చినవాడు తనే. ఆ మాట అతనికి నెమ్మదిగా లోపలికి దిగింది. కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు. ఏడుస్తున్నానని సిగ్గు కూడా వెయ్యలేదు. ఇన్నాళ్లూ బిగబట్టిన ఊపిరి ఇప్పుడు వదిలాడు.

కాసేపయ్యాక అతనిలో పండితుడు లేచి కూర్చున్నాడు. పండితులకి ఏడుపు మధ్యలో కూడా అనుమానం వస్తుంది.

"స్వామీ, కోతిది మన మార్గం, పిల్లిది అవతలివాళ్ల మార్గం. ఇది ఏ మార్గం?"

"దీనికింకా ఎవరూ మఠం కట్టలేదు" అన్నారు పెద్దయ్యవారు. లేచి, పంచెకి అంటిన ఇసుక దులుపుకున్నారు. "లే, మనం ఉన్నంతసేపూ దానికి గొంతు నొప్పి."

ఇద్దరూ వచ్చిన అడుగుల్లోనే అడుగులు వేసుకుంటూ వెనక్కి నడిచారు. పడవ దగ్గరికి వచ్చాక తిరిగి చూశారు. పిట్ట అరుపు మానింది. గిట్ట గుంటకి కొంత దూరంలో నేల మీద వాలి, అటూ ఇటూ చూసి, అంతవరకు వాళ్లు వినని చిన్న గొంతుతో ఒకటి రెండుసార్లు పలికింది. ఇసుకలోంచి పిల్ల లేచింది. దాని ఒంటికి కాళ్లు అంత పొడుగున్నాయని అప్పటిదాకా తెలియలేదు. పరుగున వెళ్లి తల్లి పొట్ట కిందికి దూరింది. ఇంకో గుంటలోంచి ఇంకోటి లేచింది. దాన్ని యతిరాజం దాటుకుంటూ వచ్చాడు, చూడనేలేదు.

నాంచారయ్య కూడా చూస్తున్నాడు. "ఇదా ఇన్నాళ్లూ మమ్మల్ని హడలగొట్టింది" అని నవ్వాడు. మేట ఆ కొస నుంచి ఇసుక తీద్దామని పడవ అటు తిప్పాడు. గంపలు నిండేసరికి ఎండ చురుక్కుమంది. తిరిగి వచ్చేటప్పుడు పెద్దయ్యవారు మళ్లీ ఆ మూట మీదే కూర్చున్నారు. యతిరాజానికి ఇప్పుడది కావలసిన పని లేదు గనక అడగలేదు. మఠం రేవులో దిగాక మాత్రం ఒక మాట అడిగాడు, రేపు ఆ పేరు దగ్గర నేనేం చెయ్యాలి అని.

"గంట మాత్రం కొట్టకు" అన్నారు పెద్దయ్యవారు. మూట తీసి అతని చేతికిచ్చి లోపలికి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం యతిరాజం వంటశాల గుమ్మం దగ్గర నిలబడి ఆండాళమ్మతో ఏదో చెప్పాడు. ఆవిడకి చెవులు సరిగా వినపడవు, రెండుసార్లు చెప్పించుకుంది. రెండోసారి వినపడకే అడిగిందో, ఇంకోసారి విందామని అడిగిందో తెలియదు. చివరికి, పోనీలేరా నాయనా, జ్వరం పడి లేచిన మనిషివి, మజ్జిగ తాగి పో అని చెంబు అందించింది. ఆ రాత్రి యతిరాజం చాలా రోజుల తరవాత కడుపు నిండా తిని పడుకున్నాడు.

మర్నాడు పందిరి నిండిపోయింది. కొత్త ఇసుక మీద చాపలు పరిచారు. లంకల వాళ్లంతా పిల్లాపాపలతో వచ్చి కూర్చున్నారు. అవతలి మఠం వాళ్లు కూడా వచ్చి ముందు వరుసలో సర్దుకున్నారు. పెద్దయ్యవారు ఎదురుగా పళ్లెం, నీళ్ల పాత్ర పెట్టుకుని కూర్చున్నారు. యతిరాజం పక్కన నిలబడి, కళ్లు మూసుకుని, మొదటి స్వామి పేరు పలికాడు.

పేరు పలకగానే పళ్లెంలో నీళ్లు పడుతున్నాయి. జనం చేతులు కళ్లకద్దుకుంటున్నారు. ఒక పేరు, కొంచెం నీళ్లు. ఇంకో పేరు, మళ్లీ నీళ్లు. గంట లేదు గనక ఆ నీళ్ల చప్పుడు చివర కూర్చున్నవాళ్లకి కూడా వినపడుతోంది. యతిరాజం బొటనవేలు గణుపు మీంచి గణుపు మీదికి జరిగి, మధ్యవేలి మీదికి వచ్చింది.

అక్కడ ఆగాడు.

ఒక్క క్షణం అతనికి పాత భయం వేసింది. చెయ్యి గంట కోసం వెతికింది. దాన్ని వెనక్కి తీసుకుని, పంచెకి ఆనించి, కదలకుండా నిలబడ్డాడు. పందిట్లో గుసగుసలు మొదలయ్యాయి. ముందు వరుసలో అవతలి మఠం ఆచార్యులు ఒకాయన పక్కాయన వైపు తిరిగాడు. వాదంలో ఇన్నేళ్లు నీళ్లు నమిలినవాడు ఆయనే.

యతిరాజం కళ్లు తెరిచి అందరికీ వినపడేలా చెప్పాడు.

"ఇక్కడ ఒక స్వామి ఉన్నారు. ఆయన పేరు నేను పోగొట్టాను."

గుసగుసలు ఆగిపోయాయి. ఇంతమంది ముందు ఇలాంటి మాట ఆ మఠంలో ఎవరూ వినలేదు. వరుస తెగిందనే అందరూ అనుకున్నారు. పలికేవాడి మీదే కాదు, మఠం మీదే మాట పడేలా ఉంది. అందరి చూపూ పెద్దయ్యవారి మీదికి తిరిగింది.

పెద్దయ్యవారు ఉద్ధరిణె పాత్రలో ముంచారు. తొణక్కుండా నిండుగా తీశారు. మిగిలిన అందరికీ వదిలినట్టే, నెమ్మదిగా, పళ్లెంలోకి వదిలారు. నీళ్లు పడిన చప్పుడు అందరికీ వినపడింది. తల వంచి, చేతులు కళ్లకద్దుకున్నారు. వెనక ఎవరో అద్దుకున్నారు, వాళ్ల పక్కవాళ్లు, తరవాత పందిరంతా.

పెద్దయ్యవారు యతిరాజం వైపు చూశారు.

"అందింది" అన్నారు. "తరవాతి పేరు చెప్పు."